వృద్ధాప్యంలో బహుళ ఔషధ వినియోగం: నిర్వచనం, సమీక్షలపై పెన్షనర్ల సంఘం తీర్మానం

మన పట్టణ పెన్షనర్ల సంఘం వార్షిక సర్వసభ్య సమావేశం ఆరోగ్య ఉపసంఘం సమర్పించిన నివేదికను చదివించుకుని, సుదీర్ఘంగా చర్చించి, ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది. ఉపసంఘంలో ప్రభుత్వాసుపత్రి ఫార్మసిస్టుగా పదవీ విరమణ చేసిన సభ్యుడు, ఒక జనరల్ ఫిజీషియన్, ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు ఉన్నారు.

పూర్వరంగం

సమావేశానికి ముందు ఉపసంఘం సభ్యులను కోరింది ఒక్కటే. ఇంట్లో వాడుతున్న మందులన్నీ, ముఖ్యమైనవీ కానివీ అని ఏరకుండా, ఒక సంచిలో వేసుకుని రమ్మంది. చుక్కల మందులు, పూతలు, పొడులు, కషాయాలు కూడా తెమ్మంది. వచ్చిన సంచుల్లో ఒకదానిని, యజమానురాలి అనుమతితో, పేరు లేకుండా ఇక్కడ నమోదు చేస్తున్నాం. ఈ తీర్మానానికి మూలం అదే.

ఆమె ఫ్యామిలీ పెన్షనరు, డెబ్భై దాటినవారు. "నేను వేసుకునేవి ఎనిమిది మాత్రలండీ" అని చెప్పారు. బల్ల మీద పరిచి చూస్తే ఎనిమిదే ఉన్నాయి. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన బీపీ మాత్ర ఒకటి. వేరే డాక్టరు అంతకుముందెప్పుడో రాసిన ఆమ్లోడిపిన్ మాత్ర, ఇంకో కంపెనీ పేరుతో, ఇంకో రంగు అట్టలో. కాళ్ల వాపులకు ఫ్యూరోసెమైడ్. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న అసెక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర. గ్యాస్‌కు పొద్దున్నే పరగడుపున రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్. చేతులు వణుకుతున్నాయంటే ఇచ్చిన ట్రైహెక్సిఫెనిడిల్. నిద్రకు అల్ప్రజోలామ్. ఎముకలకు కాల్షియం, విటమిన్ డీ3 కలిసిన మాత్ర.

ఫార్మసిస్టు సభ్యుడు అట్టల వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న పేర్లను పైకి చదువుతుంటే నర్సు రాసుకున్నారు. మాత్రలు ఎనిమిది. వాటిలో ఉన్న మందులు పదకొండు. ఆ పదకొండులో ఆమ్లోడిపిన్ రోజూ రెండుసార్లు ఒంట్లోకి వెళుతోంది.

ఆమ్లోడిపిన్‌కు చీలమండల వాపు బాగా తెలిసిన దుష్ప్రభావం. మోతాదు పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. ఆ వాపును కొత్త జబ్బు అనుకుని నీరు లాగే మాత్ర మొదలుపెట్టారు. టెల్మిసార్టాన్ వంటి బీపీ మందు, నీరు లాగే మందు, నొప్పి మాత్ర మూడూ ఒకేసారి పడితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉందని వైద్యులకు తెలుసు. కానీ ఆ మూడూ మూడు చోట్ల నుంచి వచ్చాయి. మూడింటినీ కలిపి చూసినవారు లేరు. ఇక గ్యాస్ క్యాప్సూల్‌లోని లెవోసల్పిరైడ్ మెదడులో డోపమైన్ పనిని అడ్డుకుంటుంది. పెద్దవయసువారిలో పార్కిన్సన్స్ లాంటి వణుకు, బిగుసుకుపోవడం తెప్పిస్తుంది. ఆ వణుకుకు ఇచ్చిన ట్రైహెక్సిఫెనిడిల్ నోరు ఎండబెడుతుంది, మలబద్ధకం చేస్తుంది, మూత్రం ఆపుతుంది, మతిమరుపు పెంచుతుంది. ఆమె కొడుకు ఈ మధ్య అమ్మకు మరుపు ఎక్కువైందని, వయసు కదా అని అనుకుంటున్నాడు.

ఇది ఎవరో ఒక డాక్టరు తప్పు అని ఈ సమావేశం అనడం లేదు. రాసినవారందరూ తమ ముందున్న బాధకు తమకు తెలిసిన వైద్యమే రాశారు. ఒక మందు తెచ్చిన బాధను కొత్త జబ్బుగా పొరబడి ఇంకో మందు రాయడం, దాని బాధకు మరొకటి రాయడం అనే ఈ వరుసను పౌలా రోషన్, జెర్రీ గర్విట్జ్ అనే వైద్యులు 1990ల్లోనే వైద్య పత్రికల్లో వివరించారు. దాన్ని ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్ అంటారు. మన ఊళ్లో అది ప్రతి వీధిలోనూ ఉందని సంచులు చూశాక ఉపసంఘానికి అర్థమైంది. ఏ మందు ఆపాలో సమావేశంలో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఫిజీషియన్ సభ్యుడు ఈ జాబితాను, తమ సందేహాలను ఒక కాగితం మీద రాసి, ఆమె చూపించుకుంటున్న డాక్టరుకు ఇవ్వమన్నారు.

నిర్వచనం ఎందుకు

"మందులు ఎక్కువైపోయాయి" అని మనమందరం అనుకుంటూనే ఉంటాం. ఎన్నయితే ఎక్కువ, ఏవి లెక్కలోకి వస్తాయి, ఎక్కువైతే ఎవరు ఏం చేయాలి అన్నది తేల్చుకోకపోతే ఆ మాట నిట్టూర్పుగానే మిగిలిపోతుంది.

ప్రపంచవ్యాప్తంగా కూడా దీనికి ఒకే నిర్వచనం లేదు. 2017లో బీఎంసీ జీరియాట్రిక్స్ పత్రికలో వెలువడిన ఒక సమీక్ష, వైద్య సాహిత్యంలో బహుళ ఔషధ వినియోగానికీ దాని అనుబంధ పదాలకూ కలిపి 138 నిర్వచనాలు ఉన్నట్టు గుర్తించింది. కొందరికి 2 మందులైతేనే ఎక్కువ, కొందరికి 11 కావాలి. అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్నది రోజుకు 5 లేదా అంతకు మించిన మందులు అన్న లెక్క. ఆ నిర్వచనాల్లో చాలావరకు అంకెలతోనే ఆగిపోయాయని, అవసరమైన మందులకూ అవసరం లేని మందులకూ తేడా చూసినవి చాలా తక్కువని ఆ సమీక్ష తేల్చింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వల్ల కలిగే హానిని తగ్గించడానికి ఒక ప్రపంచవ్యాప్త కార్యక్రమం ప్రకటించి, ముందుగా పట్టించుకోవలసిన మూడు రంగాల్లో బహుళ ఔషధ వినియోగాన్ని ఒకటిగా పెట్టింది. మిగిలిన రెండు, ప్రమాదం ఎక్కువగా ఉండే సందర్భాలు, రోగి ఒక వైద్యస్థలం నుంచి ఇంకో వైద్యస్థలానికి మారే సమయం. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి ఇంటికొచ్చిన పెద్దవారి మంచం పక్కన పాత మందులూ కొత్త మందులూ ఒకే డబ్బాలో ఉండడం చూసినవారికి ఈ మూడూ వేరు వేరు సంగతులుగా కనిపించవు.

అంకె ఒక్కటే చాలదని ఈ సమావేశం భావిస్తోంది. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్న మనిషికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్, మెటోప్రోలాల్, రామిప్రిల్ రాస్తారు. అప్పటికే 5 అయ్యాయి. ప్రతిదానికీ ఒక కారణం ఉంది, ప్రతిదాని వెనుకా పరిశోధన ఉంది. ఆయనను చూపించి మందులు ఎక్కువయ్యాయని భయపెడితే, భయపడి ఒకటి మానేస్తే, ఆ పాపం మనదే అవుతుంది. మరో మనిషి గ్లిబెన్‌క్లమైడ్, అల్ప్రజోలామ్, డైక్లోఫెనాక్ అనే మూడే వాడుతూ, రాత్రి అన్నం తక్కువ తిని, చక్కెర పడిపోయి, మత్తులో బాత్‌రూముకు లేచి తూలిపడి తుంటి విరగ్గొట్టుకోవచ్చు. అంకె ప్రకారం ఈ రెండో మనిషికి ఏ ఇబ్బందీ లేదు.

అయినా అంకె ఉండాలి. లేకపోతే ఎప్పుడు ఆగి చూడాలో తెలియదు. 5 మందులు వాడేవారి ఒంట్లో ఒకదానితో ఒకటి కలిసే జంటలు 10 అవుతాయి. 10 మందులైతే 45 జంటలు. ఇన్ని జంటలను ఏ డాక్టరైనా రద్దీ ఓపీలో మనసులో లెక్కపెట్టుకోవడం సాధ్యం కాదు. దీనికి తోడు వయసు. కిడ్నీల వడపోత శక్తి నడివయసు దాటాక కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. కండ తగ్గిపోవడం వల్ల క్రియాటినిన్ నార్మల్ అని రిపోర్టులో వచ్చినా లోపల వడపోత సగానికి పడిపోయి ఉండవచ్చు. ఒంట్లో నీటి శాతం తగ్గి కొవ్వు శాతం పెరుగుతుంది. కొవ్వులో కలిసే డయజిపామ్ వంటి మందు సగం వదలడానికి ఇరవై ఏళ్ల వయసులో సుమారు 20 గంటలు పడితే, ఎనభై ఏళ్ల వయసులో సుమారు 90 గంటలు పడుతుందని 1970ల్లోనే కొలిచి చూపించారు. నిన్న రాత్రి వేసుకున్న నిద్రమాత్ర మీద ఈ రాత్రిది, దాని మీద రేపటిది పేరుకుంటాయి.

నిర్వచనం

పై కారణాల వల్ల ఈ సర్వసభ్య సమావేశం ఈ నిర్వచనాన్ని స్వీకరిస్తోంది.

అరవై ఏళ్లు నిండిన వ్యక్తి 5 లేదా అంతకంటే ఎక్కువ మందులను నెల రోజులకు మించి వాడుతుంటే దానిని బహుళ ఔషధ వినియోగంగా ఈ సంఘం పరిగణిస్తుంది. రోజూ వాడినా, అవసరమైనప్పుడల్లా వేసుకున్నా ఒకే లెక్క. ఎవరు రాసినవైనా, షాపులో అడిగి కొన్నవైనా, పక్కింటివారు ఇచ్చినవైనా, పిల్లలు విదేశాల నుంచి పంపినవైనా లెక్కలోకి వస్తాయి. కాంబినేషన్ మాత్రలోని ప్రతి మందునూ విడిగా లెక్కించాలి. 10 దాటితే అది అత్యవసరంగా చూడవలసిన స్థితి.

ఈ లెక్క తప్పు పట్టడానికి కాదు, సమీక్షకు పిలుపుగా మాత్రమే వాడాలి. సమీక్షలో ప్రతి మందుకూ కారణం ఉందని, మోతాదు వయసుకూ కిడ్నీకీ తగినదని, మనిషి దాన్ని సరిగా వాడగలుగుతున్నాడని, దాని వల్ల పొందే మేలు అతనికి కావలసిన మేలేనని తేలితే, అది ఎన్ని మందులైనా సముచిత వినియోగమే. కారణం తీరిపోయినా కొనసాగుతున్నది, ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు పడుతున్నది, ఒకదాని దుష్ప్రభావానికి ఇంకొకటి వేస్తున్నది, మేలు కంటే కీడు ఎక్కువ చేస్తున్నది, కొనే స్తోమత లేక రోజు మార్చి రోజు వేసుకుంటున్నది ఏ ఒక్కటి ఉన్నా అది సమస్యాత్మక వినియోగం. ఇంగ్లండులోని కింగ్స్ ఫండ్ సంస్థ 2013 నివేదికలో ఇలాంటి విభజననే ముందుకు తెచ్చింది. మన పరిస్థితులకు అది సరిపోతుందని ఉపసంఘం అభిప్రాయపడింది.

మందుల సంఖ్య 5కు తక్కువగా ఉన్నా, వాటిలో ఇన్సులిన్ లేదా చక్కెరను బాగా దించే మాత్ర, రక్తం పలచబరిచే మందు, నిద్రమాత్ర, తరచుగా వేసుకునే నొప్పి మాత్ర వీటిలో ఏదైనా ఉంటే సమీక్ష అవసరమే.

చర్చలో వచ్చిన సవరణలు

ఆయుర్వేద, హోమియో మందులను లెక్క నుంచి మినహాయించాలని ఒక సవరణ వచ్చింది. దాని మీద వాదన వేడిగానే సాగింది. మొక్క నుంచి వచ్చిందైనా ఒంట్లో పనిచేసేదంతా మందేనని ఉపసంఘం వివరించింది. గుండెకు వాడే డిజాక్సిన్ మొక్క నుంచే వచ్చింది. మన ఇళ్లలో దగ్గుకు చప్పరించే అతిమధురం ఎక్కువ రోజులు వాడితే పొటాషియం తగ్గించి బీపీ పెంచుతుంది. నీరు లాగే మాత్ర వేసుకునేవారిలో ఆ తగ్గుదల గుండె లయను చెడగొట్టవచ్చు. కీళ్ల నొప్పులకు పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్ముతున్న సంగతి కూడా ప్రస్తావనకు వచ్చింది. వైద్య పద్ధతులను కించపరిచే ఉద్దేశం లేదని నమోదు చేసి, సవరణను తిరస్కరించారు.

కంటి చుక్కల మందును లెక్కించడం అనవసరమని ఇంకొకరు అన్నారు. నీటికాసులకు వేసే టిమోలాల్ చుక్కలు కంటి నుంచి రక్తంలోకి చేరి నాడిని నెమ్మదింపజేయగలవని, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరాడకుండా చేయగలవని నర్సు సభ్యురాలు చెప్పాక ఆ సూచనను వారే ఉపసంహరించుకున్నారు.

5 దాటితే తగ్గించి తీరాలని రాయమన్న మూడో సవరణను సమావేశం గట్టిగా తోసిపుచ్చింది. మెటోప్రోలాల్, క్లోనిడిన్, ప్రెడ్నిసోలోన్, ఫిట్స్ మందులు, అల్ప్రజోలామ్ వంటివి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. తగ్గించడం కూడా ఒక వైద్యమే. దాన్ని ఒక్కొక్క మందుగా, నెమ్మదిగా, డాక్టరు పర్యవేక్షణలో చేయాలి. ఈ తీర్మానం చదివి ఎవరూ తమంతట తాము ఏ మందూ మానకూడదని ఈ సమావేశం సభ్యులందరినీ ప్రత్యేకంగా హెచ్చరిస్తోంది.

తీర్మానాలు

సభ్యులందరూ ఒక మందుల పట్టీ రాసుకోవాలని ఈ సమావేశం తీర్మానిస్తోంది. అందులో మందు అసలు పేరు, ఎంత పవరు, ఏ పూట, ఏ జబ్బుకు, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి, ఎప్పటివరకు అన్నవి ఉండాలి. చివరి గడి చాలామందికి ఖాళీగా ఉంటుందని ఉపసంఘానికి తెలుసు. ఆ ఖాళీయే డాక్టరును అడగవలసిన ప్రశ్న. రెండు నెలలకని రాసిన గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి నడుస్తోందంటే, ఆపమని ఎవరూ చెప్పకపోవడమే తప్ప వేరే కారణం కనిపించదు. ఆ మాత్రలు చాలాకాలం వాడితే బీ12, మెగ్నీషియం తగ్గవచ్చు, ఎముకలు విరిగే అవకాశం పెరగవచ్చు. "డాక్టరు గారూ, ఇది ఇంకా అవసరమా?" అని అడగడం అమర్యాద కాదు.

వారానికి ఒకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. కీళ్లవాతానికి దాన్ని వాడే సభ్యులు వారంలో ఏ రోజు వేసుకోవాలో పట్టీలో ఎర్ర సిరాతో రాసుకోవాలి. ఆ మాత్రలను మిగతా వాటితో ఒకే డబ్బాలో ఉంచకూడదు.

జన ఔషధి కేంద్రాల్లో మందులు కొనుక్కోవడాన్ని ఈ సంఘం ప్రోత్సహిస్తుంది. అయితే అట్ట మారగానే అది కొత్త మందు అనుకుని, పాతదీ కొత్తదీ రెండూ వేసుకున్న ఉదాహరణలు సంచుల్లో కనిపించాయి. అట్ట మీద పెద్ద అక్షరాల కంపెనీ పేరు బదులు కింద ఉన్న అసలు పేరునే పట్టీలో రాయాలి. చదవడం కష్టమైతే సంఘం కార్యాలయంలో రాసిపెడతారు.

అమెరికాలో, ఇతర దేశాల్లో బిడ్డల దగ్గరికి ఆర్నెల్లకు వెళ్లే సభ్యులు చాలామంది ఉన్నారు. ఆరు నెలల మందులు మూటగట్టుకుని వెళ్లి, అక్కడ వైద్యం ఖరీదని ఒక్క పరీక్ష కూడా చేయించుకోకుండా తిరిగొస్తున్నారు. ప్రయాణానికి ముందు క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూపించుకుని, పట్టీ ఒక ప్రతి బిడ్డల దగ్గర ఉంచాలి. అక్కడి షాపుల్లో చీటీ లేకుండా దొరికే నిద్రమాత్రల్లో చాలావాటిలో డైఫెన్‌హైడ్రమిన్ ఉంటుంది. అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ 2023లో సవరించిన బీర్స్ జాబితా దాన్ని పెద్దవారికి వద్దనే చెబుతోంది. ప్రేమతో అమ్మానాన్నలకు సీసాలు పంపే పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలని సంఘం కోరుతోంది.

పట్టణంలోని వైద్యులను ఈ సమావేశం సవినయంగా కోరేది ఇది. మందు రాసేటప్పుడు దేనికో, ఎన్నాళ్లకో చీటీలో రాయండి. వేరే డాక్టరు రాసినవి కూడా చూడండి. ఏడాదికి ఒకసారైనా కొత్తవి రాయకుండా పాతవే తిరగేసే విజిట్ ఒకటి ఇవ్వండి. బీర్స్ జాబితా 1991 నుంచి, ఐర్లండు వైద్యులు రూపొందించిన స్టాప్, స్టార్ట్ సూచికలు 2008 నుంచి అందుబాటులో ఉన్నాయి. రెండోది ఆపవలసినవాటితో పాటు రాయడం మరిచిపోయిన అవసరమైన మందులను కూడా చెబుతుంది. ఆ రెండో సగం మాకు అంతే ముఖ్యం.

మందుల షాపుల యజమానులకు: 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఫార్మసిస్టుకు రోగికి సలహా చెప్పే పాత్రను గుర్తించాయి. చీటీ లేకుండా నొప్పి మాత్రలు అడిగే పెద్దవారిని బీపీ, కిడ్నీ మందులు వాడుతున్నారా అని ఒక్క మాట అడగాలని, నిద్రమాత్రలు చీటీ లేనిదే ఇవ్వవద్దని కోరుతున్నాం. బీడీ, టీడీఎస్, హెచ్ఎస్ అన్న గుర్తులకు బదులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వీటిలో ఏ ఏ పూటల వేసుకోవాలో తెలుగులో కవరు మీద రాసివ్వాలి.

రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరేవి కొన్ని ఉన్నాయి. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010-11లో మొదలైంది. దాని కింద నడవవలసిన వృద్ధుల క్లినిక్‌లలో మందుల సమీక్షకు వారంలో ఒక పూట కేటాయించాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 వృద్ధులకు ప్రత్యేక క్యూలు ఉండాలంటోంది. ఆ క్యూ చివర తమ సంచి తెరిచి చూసే మనిషి ఒకరు ఉండాలన్నది మా కోరిక. 2024 నుంచి డెబ్భై నిండినవారందరికీ వర్తిస్తున్న ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు భరిస్తోంది. నెలనెలా మందుల ఖర్చు మాత్రం పెన్షన్‌లోంచే పోతోంది. అనవసరమైన మందు తీసేయడం ఆ పెన్షన్‌కు కూడా మేలు.

మందు వల్ల ఇబ్బంది వచ్చిందని అనుమానం ఉంటే రోగులు కూడా నేరుగా ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాకు తెలియజేయవచ్చు. ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. ఈ నంబరును సంఘం నోటీసు బోర్డు మీద, సభ్యుల గుర్తింపు కార్డు వెనుక ముద్రించాలని తీర్మానించడమైనది.

అమలు

ప్రతి నెలా మొదటి శనివారం సంఘం కార్యాలయంలో మందుల సంచి రోజు నిర్వహించాలి. అక్కడ జాబితా రాయడం, పోల్చడం, డాక్టరుకు ప్రశ్నలు సిద్ధం చేయడం మాత్రమే జరుగుతాయి. మందు మార్చడం, ఆపడం జరగవు. నడవలేని సభ్యుల ఇళ్లకు నర్సు సభ్యురాలు, ఒక కార్యకర్త వెళ్లాలి. సభ్యుల మందుల వివరాలు గోప్యంగా ఉంచాలి. ఏ మందుల కంపెనీ నుంచీ, ఏ ల్యాబ్ నుంచీ ఈ కార్యక్రమానికి విరాళం తీసుకోకూడదు.

ఏడాది తర్వాత ఉపసంఘం ఈ నిర్వచనాన్ని మళ్లీ సమావేశం ముందు పెట్టాలి. 5 అన్న అంకె మన సభ్యుల విషయంలో సరిపోతోందా, నెల రోజుల గడువు మార్చాలా అన్నది అప్పుడు అనుభవాన్ని బట్టి నిర్ణయించాలి.

తీర్మానం ప్రతులను జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి, ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంటుకు, వైద్యుల సంఘం, మందుల వ్యాపారుల సంఘం స్థానిక శాఖలకు పంపాలి. ఆరోగ్య ఉపసంఘం కన్వీనరు ప్రతిపాదించగా, మహిళా పెన్షనర్ల విభాగం కార్యదర్శి బలపరచగా, సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించింది.